పాత కార్లలో ఐడ్లింగ్ లోపాలు, వాటి నిర్ధారణ

యాక్సిలరేటర్ మీద కాలు తీసేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచినప్పుడు ఇంజను ఆగిపోకుండా తిరిగే కనిష్ఠ వేగాన్ని ఐడ్లింగ్ అంటారు. పాత పెట్రోలు కార్లలో ఈ వేగం సాధారణంగా నిమిషానికి 700 నుంచి 900 చుట్ల మధ్య ఉంటుంది. ఆ వేగం దగ్గర ఇంజను నిలకడగా తిరగక వణకడం, లయ తప్పడం, వేగం దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉండటం, సిగ్నలు దగ్గర బండి ఆపగానే ఇంజను కూడా ఆగిపోవడం ఐడ్లింగ్ లోపాల ముఖ్య లక్షణాలు. ఏదో ఒక సిలిండరులో ఇంధనం మండకుండా పోవడాన్ని మెకానిక్కులు మిస్సింగ్ అనీ, వేగం ఒక క్రమంలో ఎక్కుతూ దిగుతూ ఉండటాన్ని హంటింగ్ అనీ వ్యవహరిస్తారు. వీటికి తోడుగా పికప్ తగ్గడం, ఎత్తు ఎక్కేటప్పుడు బండి లాగకపోవడం, పెట్రోలు ఖర్చు పెరగడం వంటివి కూడా తరచుగా కనిపిస్తాయి.

భారతదేశంలో ఈ విషయం ప్రధానంగా మూడు కార్ల చుట్టూ తిరుగుతుంది. మొదటిది, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి ఆధారంగా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో 1950ల చివరి నుంచి 2014 వరకు తయారైన హిందుస్తాన్ ఆంబాసిడర్. రెండవది, 1964లో ఫియట్ 1100 డిలైట్‌గా మొదలై 1974 నుంచి ప్రీమియర్ పద్మిని పేరుతో నడిచిన కారు. మూడవది, 1983 డిసెంబరులో రోడ్డెక్కిన మారుతి 800. మొదటి రెండింటిలో నాలుగు సిలిండర్లు ఉండగా మారుతి 800లో 796 సీసీల మూడు సిలిండర్ల ఇంజను ఉంటుంది. నాలుగింటిలో ఒక సిలిండరు పనిచేయకపోతే పావు వంతు శక్తి పోతుంది కాని, మూడింటిలో ఒకటి పోతే మూడో వంతు పోతుంది కనుక అదే లోపం మారుతిలో మరింత తీవ్రమైన వణుకుగా తెలుస్తుంది. ఈ కార్లను నేటికీ నడిపిస్తున్నవారికి, విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల వాటిని చక్కదిద్దే పనివారికి ఐడ్లింగ్ లోప నిర్ధారణ నిత్యవ్యవహారమే.

ఐడ్లింగ్‌లోనే లోపాలు బయటపడటానికి కారణం

ఇంజనుకు అత్యంత కష్టమైన స్థితి వేగంగా పోవడం కాదు, ఐడ్లింగే. థ్రాటిల్ దాదాపుగా మూసుకుని ఉన్నందువల్ల సిలిండర్లలోకి చేరే గాలీ పెట్రోలూ చాలా తక్కువగా ఉంటాయి. గత చక్రంలో మండి మిగిలిపోయిన పొగ నిష్పత్తి ఎక్కువగా ఉంటుంది. గాలి నెమ్మదిగా కదలడం వల్ల పెట్రోలు తుంపరలు సరిగా కలవక మానిఫోల్డు గోడలకు అంటుకుంటాయి. ఇంత పలచని, అసమానమైన మిశ్రమాన్ని అంటించడానికి బలమైన స్పార్కు, సరైన కంప్రెషన్, ఖచ్చితమైన గాలి-ఇంధన నిష్పత్తి మూడూ ఒకేసారి సమకూడాలి. వాటిలో ఏ ఒక్కటి కాస్త తగ్గినా వేగం మీద ఉన్నప్పుడు ఇంజను దాన్ని కప్పిపుచ్చుకోగలదు గాని ఐడ్లింగ్‌లో కప్పిపుచ్చుకోలేదు.

దీన్ని అంకెలలో చూస్తే మరింత స్పష్టమవుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు చుట్లకు ఒకసారి సిలిండరు నిండుతుంది కనుక, మారుతి 800 ఇంజను నిమిషానికి 900 చుట్లు తిరిగేటప్పుడు దాని పిస్టన్లు సుమారు 358 లీటర్ల స్థలాన్ని ఖాళీ చేస్తాయి. అయితే థ్రాటిల్ మూత వెనుక మానిఫోల్డులోని పీడనం బయటి వాతావరణ పీడనంలో మూడో వంతుకు దగ్గరగా ఉండటం వల్ల నిజంగా లోపలికి వచ్చే గాలి నిమిషానికి దాదాపు 120 లీటర్లు మాత్రమే. ఇప్పుడు మానిఫోల్డు గ్యాస్కెట్ దగ్గరనో, పగిలిన రబ్బరు గొట్టంలోనో కేవలం 2 మిల్లీమీటర్ల వ్యాసం గల రంధ్రం ఉందనుకుంటే, ఆ పీడన వ్యత్యాసానికి దాని గుండా నిమిషానికి సుమారు 25 లీటర్ల గాలి చొరబడుతుంది. కార్బురేటర్ కొలిచి పంపిన పెట్రోలుకు లెక్కలో లేని గాలి ఐదో వంతు వచ్చి కలవడంతో మిశ్రమం మండే హద్దు దగ్గరకు పలచబడిపోతుంది. అదే కారు హైవే మీద థ్రాటిల్ పూర్తిగా తెరుచుకుని పోతున్నప్పుడు ఇంజను నిమిషానికి వెయ్యి లీటర్లకు పైగా గాలి పీలుస్తుంది, మానిఫోల్డులో పీడనం బయటి పీడనానికి దగ్గరగా ఉంటుంది, కాబట్టి అదే రంధ్రం ప్రభావం దాదాపు ఉండదు. ఐడ్లింగ్‌లో వణికి, వేగంలో సర్దుకునే ఇంజనులో ముందుగా గాలి లీకును అనుమానించడానికి ఇదే ఆధారం. ఐడ్లింగ్‌లో బాగుండి, బరువు పడినప్పుడు మిస్ కొట్టే ఇంజనులో ఇందుకు భిన్నంగా స్పార్కు బలహీనతను, పెట్రోలు సరఫరాను అనుమానిస్తారు.

పరిశీలన

సాధనాలు పట్టుకునే ముందు లోపం ఎప్పుడు కనిపిస్తోందో తెలుసుకోవడం నిర్ధారణలో సగం పని. ఉదయం చల్లగా ఉన్నప్పుడు మాత్రమే వణికి, వేడెక్కాక కుదుటపడే ఇంజనులో చోక్ అమరిక, పలచని మిశ్రమం, మరీ దగ్గరగా బిగించిన వాల్వు క్లియరెన్సు వంటివి చూడాలి. చల్లగా బాగుండి వేడెక్కాక పాడయ్యే ఇంజనులో వేడికి తెగిపోయే ఇగ్నిషన్ కాయిల్, కండెన్సర్, ఎక్కువ మట్టంతో పొంగుతున్న ఫ్లోట్ ఛాంబరు వంటివి పరిశీలించాలి. వానాకాలం ఉదయాల్లో మాత్రమే కనిపించే మిస్సింగ్ దాదాపు ఎప్పుడూ ఇగ్నిషన్‌కు సంబంధించినదే, ఎందుకంటే తేమ ప్లగ్ వైర్ల మీద, డిస్ట్రిబ్యూటర్ మూత మీద కరెంటుకు పక్కదారి చూపిస్తుంది.

సైలెన్సరు చివర కూడా చాలా విషయాలు తెలుస్తాయి. నల్లని పొగ పెట్రోలు ఎక్కువైందనీ, నీలపు పొగ ఇంజను ఆయిలు మండుతోందనీ, ఇంజను వేడెక్కిన తర్వాత కూడా తగ్గని తెల్లని ఆవిరి రేడియేటర్ నీరు సిలిండరులోకి వస్తోందనీ సూచిస్తాయి. సైలెన్సరు చివర ఒక కాగితం ముక్కను పట్టుకుంటే ఆరోగ్యంగా ఉన్న ఇంజను దాన్ని సమానమైన తాళంతో బయటికి నెడుతుంది. ఆ తాళం ఒకే సిలిండరు వరుసలో క్రమంగా తప్పుతుంటే దోషం ఆ సిలిండరుకే పరిమితమని, వరుస లేకుండా తప్పుతుంటే అన్ని సిలిండర్లకూ ఉమ్మడిగా ఉన్న కార్బురేటర్‌లోనో, పాయింట్లలోనో, కాయిల్‌లోనో ఉందని భావించవచ్చు. నెట్టిన కాగితం మధ్యమధ్య వెనక్కి పీల్చుకుపోతే ఎగ్జాస్టు వాల్వు సరిగా మూసుకోవడం లేదని అనుమానించాలి.

తర్వాత ఏ సిలిండరు పని చేయడం లేదో తేల్చాలి. ఇందుకు ఇంజను నడుస్తుండగా ఒక్కొక్క ప్లగ్ వైరును వేరుచేసి, ఇంజను వేగం ఎంత పడిపోతుందో టాకోమీటరులో గమనిస్తారు. వైరు తీసినా వేగం మారని సిలిండరు అప్పటికే పనిచేయనిదని అర్థం. వేరుచేసిన వైరును గాలిలో వదిలేస్తే కాయిల్‌లో పుట్టిన అధిక వోల్టేజి దారి దొరక్క కాయిల్ ఇన్సులేషన్‌నే ఛేదించవచ్చు కనుక దాన్ని ఇంజను లోహానికి ఎర్తు చేసి ఉంచాలి. క్యాటలిటిక్ కన్వర్టర్ గల కార్లలో ఈ పరీక్షను కొన్ని సెకన్లకు మించి చేయరాదు, ఎందుకంటే మండని పెట్రోలు కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండి దాన్ని కరిగించగలదు.

యాంత్రిక స్థితి

కార్బురేటర్ స్క్రూ తిప్పడంతో మొదలుపెట్టడం మరమ్మతు పనిలో బాగా వేళ్లూనుకున్న తప్పు అలవాటు. కంప్రెషన్ లేని సిలిండరును ఏ కార్బురేటరూ నడిపించలేదు. స్క్రూ తిప్పి మిశ్రమాన్ని చిక్కబరిస్తే వణుకు తాత్కాలికంగా తగ్గినట్లు కనిపించినా, మండని పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిలు పొరను కడిగేసి రింగుల అరుగుదలను పెంచుతుంది. అందుచేత ముందు యాంత్రిక స్థితి, తర్వాత ఇగ్నిషన్, ఆ తర్వాత గాలి లీకులు, చివర ఇంధనం అనే వరుసను పాటించాలి. ఇందులో ప్రతి మెట్టూ దాని ముందు మెట్టు సరిగా ఉందన్న నమ్మకం మీద ఆధారపడుతుంది కాబట్టి ఈ వరుసను తలకిందులు చేసినవారు చేసిన పనినే మళ్లీ మళ్లీ చేయవలసి వస్తుంది.

కంప్రెషన్ పరీక్షను ఇంజను వేడిగా ఉన్నప్పుడు, అన్ని ప్లగ్గులూ తీసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, నిండుగా చార్జి అయిన బ్యాటరీతో చేస్తారు. ఇంజను ఎంత పీడనం చూపింది అన్నదాని కంటే సిలిండర్ల మధ్య తేడా ఎంత అన్నది ఐడ్లింగ్ విషయంలో ముఖ్యం. అన్నీ సమానంగా అరిగిన ఇంజను బలహీనంగా ఉన్నా సాఫీగానే తిరుగుతుంది గాని, ఒక సిలిండరు చదరపు సెంటీమీటరుకు ఒక కిలోకు మించి వెనుకబడితే వణుకు తప్పదు. తక్కువ చూపిన సిలిండరులో ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి మళ్లీ కొలిచినప్పుడు పీడనం పెరిగితే లోపం రింగులలో ఉందని, పెరగకపోతే వాల్వులలో ఉందని నిర్ణయిస్తారు. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు రెండూ తక్కువ చూపితే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ కాలిపోయి ఉంటుంది.

వాల్వుల ప్రస్తావనలో పాత ఇనుప హెడ్ల కార్లకు ప్రత్యేకించి చెప్పవలసిన సంగతి ఒకటి ఉంది. పెట్రోలులో కలిపిన సీసం, ఎగ్జాస్టు వాల్వుకూ దాని సీటుకూ మధ్య సన్నని పూతగా ఏర్పడి అవి ఒకదానికొకటి అతుక్కోకుండా కాపాడేది. సీసం లేని పెట్రోలు 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాలలో మొదలై, 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా తప్పనిసరి అయింది. ప్రజారోగ్యానికి అది ఎంతో మేలు చేసిన నిర్ణయం. అయితే గట్టి లోహపు సీట్లు లేకుండా, ఇనుప హెడ్‌లోనే సీట్లు చెక్కిన ఆంబాసిడర్ వంటి ఇంజన్లు ఎక్కువ వేగంతో ఎక్కువ కాలం నడిస్తే సీటు క్రమంగా అరిగి, వాల్వు హెడ్‌లోకి కుంగిపోతుంది. అలా కుంగినకొద్దీ టాపెట్ క్లియరెన్సు, అంటే వాల్వు క్లియరెన్సు, తగ్గిపోయి, చివరికి వాల్వు పూర్తిగా మూసుకోలేక కంప్రెషన్ పోతుంది. టాపెట్ శబ్దం లేకుండా ఇంజను నిశ్శబ్దంగా ఉందని సంతోషించే యజమానికి ఇది తెలియదు. శబ్దం చేసే టాపెట్ కంటే శబ్దం పోయిన టాపెట్ ప్రమాదకరం. క్లియరెన్సు తరచూ తగ్గిపోతూ ఉంటే గట్టి సీట్లు వేయించడమే శాశ్వత పరిష్కారం.

ఇగ్నిషన్

అమెరికా ఇంజనీరు చార్లెస్ కెటరింగ్ రూపొందించగా 1910 నాటి కాడిలాక్ కార్లలో వాడుకలోకి వచ్చిన బ్యాటరీ-పాయింట్ల ఇగ్నిషన్, ఆంబాసిడర్లలో, పద్మినిలలో, తొలి తరం మారుతి 800లలో పెద్ద మార్పు లేకుండా కొనసాగింది. డిస్ట్రిబ్యూటర్‌లోని కామ్ తిరుగుతూ పాయింట్లను విడదీసినప్పుడు కాయిల్ మొదటి చుట్టలో ప్రవహిస్తున్న 12 వోల్టుల కరెంటు హఠాత్తుగా ఆగిపోయి, రెండవ చుట్టలో వేల వోల్టుల విద్యుత్తు పుడుతుంది. రోటరు దాన్ని వంతులవారీగా ప్లగ్గులకు పంచుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 800 చుట్లు తిరిగేటప్పుడు పాయింట్లు నిమిషానికి 1,600 సార్లు తెరుచుకుని మూసుకుంటాయి కనుక, ఈ చిన్న భాగం అరుగుదలకు గురికావడం సహజం.

పాయింట్లను తీసి వెలుతురులో చూస్తే ఇగ్నిషన్ చరిత్ర అంతా వాటి మీదే కనిపిస్తుంది. మంచి స్థితిలో ఉన్నవి బూడిదరంగులో, సమతలంగా ఉంటాయి. నల్లగా మాడి ఉంటే ఆయిలో గ్రీజో చేరిందని, లేదా కండెన్సర్ తెగిందని అర్థం. ఒక కాంటాక్టు మీద చిన్న మొటిమ లేచి, ఎదురు కాంటాక్టు మీద దానికి సరిపడే గుంట పడి ఉంటే, కండెన్సర్ సామర్థ్యం ఆ వ్యవస్థకు సరిపోక లోహం ఒకవైపు నుంచి మరొకవైపుకు బదిలీ అవుతోందని తెలుసుకోవాలి. పాయింట్లు విడిపోయే క్షణంలో వాటి మధ్య స్పార్కు ఎగరకుండా ఆ కరెంటును తనలోకి తీసుకోవడం కండెన్సర్ పని. అది చేయనప్పుడు పాయింట్లు మాడటంతోపాటు ప్లగ్గు దగ్గరి స్పార్కు కూడా నీలం-తెలుపు నుంచి పలచని పసుపుకు మారుతుంది. ఇటువంటి పాయింట్లను ఆకురాయితో రుద్ది మళ్లీ బిగించడం తాత్కాలికం మాత్రమే. కండెన్సర్‌తో సహా మార్చి, పుస్తకంలో చెప్పిన సందును ఫీలర్ గేజితో పెట్టాలి. ఆంబాసిడర్‌లోని లూకాస్ డిస్ట్రిబ్యూటర్‌కు ఆ సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. గుంట పడిన పాయింట్ల మధ్య ఫీలర్ గేజి పెడితే నిజమైన సందు తెలియదు కాబట్టి, పాయింట్లు మూసుకుని ఉండే కోణాన్ని కొలిచే డ్వెల్ మీటరు అక్కడ నమ్మదగినది.

పాయింట్ల మడమ అరిగినకొద్దీ సందు తగ్గి, స్పార్కు ఆలస్యంగా పడుతుంది. టైమింగ్ వెనక్కి పోయిన ఇంజను ఐడ్లింగ్‌లో మందకొడిగా తిరుగుతూ వేడెక్కుతుంది. అందువల్ల పాయింట్ల సందు పెట్టాకనే టైమింగ్ పెట్టాలి గాని, టైమింగ్ పెట్టాక సందు మార్చకూడదు. టైమింగ్ లైటు వెలుగులో పుల్లీ మీది గుర్తు ఒకచోట నిలబడకుండా ముందుకూ వెనక్కూ గెంతుతుంటే డిస్ట్రిబ్యూటర్ షాఫ్టు బుష్షులు అరిగిపోయాయని, లేదా టైమింగ్ చైన్ సాగిందని గ్రహించాలి. ఆ స్థితిలో ఎన్ని కొత్త పాయింట్లు వేసినా ఐడ్లింగ్ కుదరదు, ఎందుకంటే ఒక్కో సిలిండరుకు స్పార్కు ఒక్కో సమయంలో పడుతుంటుంది.

డిస్ట్రిబ్యూటర్ మూత లోపలి వైపున వెంట్రుకవాసి నల్లని గీతలు, మధ్యనున్న కార్బన్ ముక్క అరుగుదల, రోటరు కొస మాడటం కూడా చూడాలి. చీకట్లో బానెట్ తెరిచి ఇంజనును నడిపితే ప్లగ్ వైర్ల నుంచి లోహంలోకి దూకుతున్న నీలపు మెరుపులు కంటికే కనిపిస్తాయి. ప్లగ్గుల విషయానికి వస్తే, పొడిగా నల్లమసి పట్టినవి పెట్రోలు ఎక్కువైందని, ఆయిలుతో తడిసినవి రింగులో వాల్వు గైడులో అరిగాయని, సుద్దలా తెల్లబడినవి మిశ్రమం పలచబడిందని చెబుతాయి. ప్లగ్గు రంగు చూసి తీర్పు చెప్పడంలో ఒక జాగ్రత్త అవసరం: పది నిమిషాలు ఐడ్లింగ్‌లో నిలిపిన ఇంజను ప్లగ్గు ఐడ్లింగ్ సంగతే చెబుతుంది తప్ప రోడ్డు మీది సంగతి చెప్పదు, పైగా సీసం లేని పెట్రోలుతో ప్లగ్గు మునుపటి గోధుమరంగుకు బదులు పలచని రంగులోనే ఉంటుంది.

కార్బురేటర్ దోషమని తేల్చి గారేజీకి వచ్చిన కార్లలో చాలావాటికి అసలు మందు ఇగ్నిషన్‌లోనే దొరుకుతుందన్నది ఈ రంగంలో తలపండిన వారందరూ ఒప్పుకునే మాట.

గాలి లీకులు, వ్యాక్యూమ్ గేజి

థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు మానిఫోల్డులో ఏర్పడే అల్పపీడనాన్ని వ్యాక్యూమ్ అంటారు. దీన్ని పాదరస అంగుళాలలో కొలుస్తారు. పాత ఇంజన్ల నిర్ధారణలో ఇంత తక్కువ ఖరీదులో ఇంత ఎక్కువ చెప్పే సాధనం మరొకటి లేదు, మన గారేజీలలో దీని వాడకం ఇంకా పెరగవలసి ఉంది. సముద్రమట్టం దగ్గర ఆరోగ్యంగా ఉన్న ఇంజను ఐడ్లింగ్‌లో 17 నుంచి 22 అంగుళాల మధ్య ఒక అంకె దగ్గర ముల్లును నిశ్చలంగా నిలుపుతుంది. ఎత్తు పెరిగినకొద్దీ ప్రతి 300 మీటర్లకు సుమారు ఒక అంగుళం తగ్గుతుంది కనుక, విశాఖపట్నంలో 19 చూపిన ఇంజను సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదులో 17కు కాస్త పైన చూపడం లోపం కాదు.

ముల్లు నిలకడగానే ఉండి కొంచెం తక్కువ చూపితే టైమింగ్ ఆలస్యం కావచ్చు; మరీ తక్కువగా, 10 అంగుళాలకు దిగువన, నిలిచిపోతే మానిఫోల్డు లేదా కార్బురేటర్ గ్యాస్కెట్ లీకు అయి ఉండవచ్చు. ముల్లు ఒకే లయలో పదేపదే కొన్ని అంగుళాలు పడి లేస్తుంటే ఒక వాల్వు కాలిందనీ, ఐడ్లింగ్‌లో వేగంగా కంపిస్తూ ఇంజను వేగం పెంచగానే నిలబడితే వాల్వు గైడులు అరిగాయనీ, అందుకు విరుద్ధంగా వేగం పెంచినకొద్దీ కంపనం ఎక్కువైతే వాల్వు స్ప్రింగులు బలహీనపడ్డాయనీ అర్థం. వేగం పెంచి పట్టి ఉంచినప్పుడు ముల్లు మెల్లమెల్లగా దిగజారుతూ పోతే సైలెన్సరు మూసుకుపోయిందని తెలుసుకోవాలి.

లీకు ఉండే చోట్లు దాదాపు అన్ని కార్లలోనూ ఒకటే: మానిఫోల్డు గ్యాస్కెట్, కార్బురేటర్ అడుగు గ్యాస్కెట్, బ్రేకు బూస్టరుకు పోయే గొట్టం, క్రాంక్‌కేసు గాలి గొట్టం, డిస్ట్రిబ్యూటర్ మీది వ్యాక్యూమ్ అడ్వాన్సు డయాఫ్రమ్. పాత కార్లలో వీటికి తోడు థ్రాటిల్ షాఫ్టు తన రంధ్రంలో అరిగి, అక్కడి నుంచి గాలి లాగుతుంది. షాఫ్టును చేత్తో అటూ ఇటూ కదిపితే ఆ వదులు తెలుస్తుంది. ఒక్కొక్క గొట్టాన్నీ శ్రావణంతో నొక్కి పట్టినప్పుడు ఐడ్లింగ్ చక్కబడితే ఆ గొట్టం వైపే లీకు ఉన్నట్లు. గ్యాస్కెట్ల దగ్గర కార్బ్ క్లీనర్ చల్లి ఇంజను వేగం మారుతుందేమో చూసే పద్ధతి ప్రచారంలో ఉన్నా, పక్కనే ఎర్రగా కాగిన ఎగ్జాస్టు మానిఫోల్డు ఉంటుంది కనుక మంట అంటుకునే ప్రమాదం తక్కువేమీ కాదు. సబ్బునీళ్లు చల్లడం, పొగ యంత్రంతో మానిఫోల్డులోకి పొగ ఎక్కించి అది ఎక్కడి నుంచి బయటపడుతుందో చూడటం క్షేమకరం.

కార్బురేటర్, ఇంధనం

కార్బురేటర్లు రెండు పద్ధతులవి. సోలెక్స్ తరహావాటిలో ఐడ్లింగ్‌కు వేరే సన్నని దారి, దానికో చిన్న జెట్, గాలి చేరే రంధ్రం, మిశ్రమాన్ని సవరించే స్క్రూ ఉంటాయి. జెట్ రంధ్రం అర మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉండటం వల్ల ట్యాంకు తుప్పు రేణువు ఒక్కటి వచ్చి చేరినా ఐడ్లింగ్ ఆగిపోతుంది. కాస్త యాక్సిలరేటర్ నొక్కితే ఇంజను ఇతర దారుల నుంచి పెట్రోలు తీసుకుని మామూలుగా నడుస్తుంది. మిశ్రమపు స్క్రూను పూర్తిగా బిగించినా ఇంజను తీరులో మార్పు రాకపోతే ఆ దారి మూసుకుపోయిందని నిర్ధారించవచ్చు. జెట్‌ను తీగతో పొడవడం వల్ల రంధ్రం పెద్దదై శాశ్వతంగా పాడవుతుంది. గాలి పట్టి శుభ్రం చేయాలి. కొన్ని కార్లలో ఇంజను ఆపగానే ఐడ్లింగ్ దారిని మూసే సోలెనాయిడ్ వాల్వు ఉంటుంది, దాని వైరు ఊడిపోయినా ఇదే లక్షణం కనిపిస్తుంది.

ఆంబాసిడర్‌లోని ఎస్‌యూ కార్బురేటర్ పద్ధతి వేరు. అందులో గాలి ప్రవాహాన్ని బట్టి పైకీ కిందికీ కదిలే పిస్టన్, దానికి వేలాడే సూది, ఆ సూది దిగే ఒకే జెట్ ఉంటాయి. ఐడ్లింగ్‌కు వేరే దారి లేదు. దీని మిశ్రమాన్ని పరీక్షించే తీరు ఎంతో సులువైనది: ఇంజను వేడెక్కిన తర్వాత పిస్టన్‌ను ఒక మిల్లీమీటరు మేర మెల్లగా పైకెత్తాలి. ఇంజను వేగం పెరిగి అలాగే నిలిస్తే మిశ్రమం చిక్కగా ఉంది; వెంటనే ఆగిపోబోతే పలచగా ఉంది; ఒక్క క్షణం లేశంగా పెరిగి మళ్లీ మామూలుకు వస్తే సరిగ్గా ఉంది. పిస్టన్ మధ్యలో పట్టుకోకుండా, ఎత్తి వదిలినప్పుడు టక్కుమని కింద పడాలి. పైనున్న డ్యాంపరులో ఆయిలు ఎండిపోతే ఐడ్లింగ్ బాగానే ఉన్నా యాక్సిలరేటర్ నొక్కగానే ఇంజను తడబడుతుంది, కాబట్టి పికప్ లేదన్న ఫిర్యాదుకు ముందుగా చూడవలసింది ఆ ఆయిలే.

వేసవిలో, ముఖ్యంగా 45 డిగ్రీలు దాటే తెలంగాణ, రాయలసీమ ఎండల్లో, పాత కార్లకు మరో బాధ ఉంది. పెట్రోలులోని తేలికైన అంశాలు 40 డిగ్రీలకు అటూ ఇటూగా ఆవిరి కావడం మొదలవుతుంది. ఇంజను మీదే బిగించి ఉండే మెకానికల్ పంపులో, దాని పక్కనే పోయే గొట్టంలో ఆవిరి బుడగలు ఏర్పడితే పంపు ద్రవాన్ని లాగలేదు. ట్రాఫిక్‌లో నిలిచిన బండి ఆగి, చల్లారాక మళ్లీ లేచే ఈ స్థితిని వేపర్ లాక్ అంటారు. గొట్టాన్ని ఎగ్జాస్టుకు దూరంగా జరిపి, వేడి తగలకుండా కవచం పెట్టడం దీనికి విరుగుడు.

2025 నాటికి దేశంలో పెట్రోలులో ఎథనాల్ వాటా 20 శాతానికి చేరడం పాత కార్బురేటర్ల మీద నేరుగా ప్రభావం చూపుతోంది. శుద్ధ పెట్రోలు పూర్తిగా మండటానికి బరువులో 14.7 వంతుల గాలి కావాలి. 20 శాతం ఎథనాల్ కలిసినదానికి సుమారు 13.5 వంతులు చాలు. పాత అమరికతోనే ఉన్న జెట్లు ఈ ఇంధనానికి ఎనిమిది శాతం వరకు పలచని మిశ్రమం అందిస్తాయి, ఆ తేడా మొదట తెలిసేది ఐడ్లింగ్‌లోనే. ఎథనాల్‌ను తట్టుకునే రబ్బరు కాని పాత గొట్టాలు, పంపు డయాఫ్రమ్‌లు ఉబ్బి మెత్తబడతాయి. నెలల తరబడి కదలని బండి ట్యాంకులో ఎథనాల్ తేమను పీల్చుకుని, నీటితో కలిసి అడుగుకు చేరుతుంది. ఇటువంటి కార్లకు ఎథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేయించి, ఫ్లోట్ మట్టం, మిశ్రమం కొత్తగా సరిచేయాలి.

ఎంపీఎఫ్ఐ కార్లు

2000 నాటికి మారుతి 800తో సహా కొత్త కార్లు ఎంపీఎఫ్ఐకి, అంటే కంప్యూటరు ఆజ్ఞతో ప్రతి సిలిండరుకూ ఇంజెక్టరు పెట్రోలు చల్లే పద్ధతికి మారాయి. ఆ తొలి తరం కార్లు కూడా నేడు పాతవే. వీటిలో ఐడ్లింగ్ లోపాలకు తరచుగా కారణమయ్యేవి థ్రాటిల్ బాడీలో పేరుకున్న మసి, ఐడ్లింగ్ గాలిని నియంత్రించే వాల్వు పట్టేయడం. వేడిని చెప్పే సెన్సర్ చెడి ఇంజను ఎప్పుడూ చల్లగానే ఉందని చెబుతుంటే కంప్యూటరు అదనంగా పెట్రోలు పంపి, ప్లగ్గుల మీద మసి పట్టేలా చేస్తుంది. మానిఫోల్డు పీడనాన్ని కొలిచి పెట్రోలును లెక్కించే కార్లలో గాలి లీకు లక్షణం కార్బురేటర్ కార్లలోలా ఉండదు: లీకు వల్ల పీడనం పెరిగితే కంప్యూటరు దాన్ని బరువు పెరిగినట్లు భావించి పెట్రోలు కూడా పెంచుతుంది, ఫలితంగా ఐడ్లింగ్ పడిపోకుండా పైకి ఎక్కి, ఆ తర్వాత హంటింగ్ చేస్తుంది. బ్యాటరీ, ఎర్తు వైర్ల తుప్పును చాలామంది చూడరు. వోల్టేజి తగ్గినప్పుడు సెన్సర్ల లెక్కలన్నీ తప్పుతాయి. స్కానరు చూపే కోడు ఏ సెన్సర్ సర్క్యూట్‌లో తేడా ఉందో చెబుతుంది గాని, కాలిన వాల్వును, అరిగిన రింగును చూపదు, కనుక పాత ఎంపీఎఫ్ఐ కార్లకు కూడా కంప్రెషన్ పరీక్ష తప్పదు.

పొగ పరీక్ష అంకెలు

కాలుష్య నియంత్రణ ధ్రువపత్రం కోసం పెట్రోలు కార్లకు చేసే పరీక్ష ఐడ్లింగ్‌లోనే జరుగుతుంది కనుక ఆ కాగితం మీది అంకెలు నిర్ధారణకు కూడా పనికి వస్తాయి. భారత్ స్టేజ్-2 (బీఎస్-2) ప్రమాణాలకు ముందటి కార్లకు కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, హైడ్రోకార్బన్లు 1,500 పీపీఎం పరిమితి కాగా, బీఎస్-2, బీఎస్-3 కార్లకు 0.5 శాతం, 750 పీపీఎం. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువగా ఉంటే పెట్రోలు ఎక్కువవుతోందని, అది తక్కువగా ఉండి హైడ్రోకార్బన్లు మాత్రమే ఎక్కువగా ఉంటే పెట్రోలు మండకుండానే బయటికి పోతోందని, అంటే స్పార్కు తప్పడమో, మిశ్రమం మరీ పలచబడటమో, వాల్వు కారడమో జరుగుతోందని గ్రహించాలి. రెండో పరిస్థితిలో స్క్రూ తిప్పి మిశ్రమాన్ని చిక్కబరచడం అసలు లోపాన్ని కప్పిపెడుతుంది. ఇంజను నడిపి చేసే ఈ పనులన్నీ గాలి ఆడే చోటనే చేయాలి. వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ మూసిన షెడ్డులో నిమిషాల్లో ప్రాణం తీయగలదు.

ఇంజను లోపమే లేకుండా వణుకు కనిపించే సందర్భం కూడా ఉంది. ఇంజనును ఛాసిస్‌కు పట్టి ఉంచే రబ్బరు మౌంటింగులు ఏళ్ల తరబడి ఆయిలు తడిసి, ఎండకు గట్టిపడి, చిట్లిపోయినప్పుడు మూడు సిలిండర్ల ఇంజనుకు సహజంగా ఉండే కదలిక అంతా స్టీరింగులోకి, సీట్లలోకి వస్తుంది. వ్యాక్యూమ్ గేజి ముల్లు నిశ్చలంగా ఉండి, సైలెన్సరు తాళం సమానంగా ఉండి, కారు మాత్రం వణుకుతుంటే కార్బురేటర్ జోలికి పోకుండా మౌంటింగులను మార్చాలి.